ఏమీ తినని శనివారం

శ్రావణ మాసం మొదటి శనివారం తలకు పోసుకుని చీర కట్టుకుంటుంటే, బొడ్డుకు కాస్త పైన నిమ్మకాయంత ఉబ్బు చేతికి తగిలింది. నొక్కితే లోపలికి పోయింది. దగ్గితే మళ్లీ బయటికి వచ్చింది. మొదట అదేదో ఆటలాగా అనిపించి రెండు మూడు సార్లు నొక్కి చూశాను. ఆ తర్వాత మంచం మీద కూలబడ్డాను.

మాది కదిరి పక్కన పల్లె. బెంగుళూరు యలహంకకు వచ్చి ఇరవై రెండేళ్లు దాటింది. మా ఆయన ఆంజనేయులు సెంట్రింగ్ పని చేస్తాడు. నేను ఒక అపార్ట్‌మెంటులో నాలుగు ఇళ్లల్లో వంట చేస్తాను. ఒక్కతే కూతురు శిరీష, మొబైల్ షాపులో పని చేస్తుంది. మేముండేది రెండో అంతస్తులో. మెట్లు ఎంత సన్నవంటే, నేను ఎక్కుతుంటే పైనుంచి దిగేవాళ్లు మలుపు దగ్గర ఆగి, నేను వచ్చేదాకా గోడకు ఆనుకుని నిలబడాలి. అందరూ మంచివాళ్లే, ఏమీ అనరు. కానీ వాళ్లు ఆగారని తెలిసి నేను తొందర పడేదాన్ని, తొందర పడితే ఆయాసం వచ్చేది, ఆయాసం వస్తే నేనే ఆగిపోయేదాన్ని. అప్పుడు మెట్ల మధ్య అందరం ఇరుక్కుపోయేవాళ్లం.

శిరీష నన్ను ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ వరండాలో ఇనుప కుర్చీలు, మూడు మూడు కలిపి బిగించినవి, చేతులు ఉన్నవి. నిలబడలేక ఒక దాంట్లో కూర్చున్నాను. ఎట్లా కూర్చున్నానో గుర్తులేదు గానీ, నా నంబరు పిలిచినప్పుడు లేవడం మాత్రం బాగా గుర్తుంది. లేస్తే కుర్చీ కూడా లేచింది. పక్క రెండు కుర్చీలూ దానితో లేచాయి, వాటిలో ఉన్నవాళ్లు కెవ్వుమన్నారు. నేను మళ్లీ కూర్చున్నాను. రెండోసారి నంబరు పిలిచారు. శిరీష ముఖం ఎర్రబడిపోయింది. అప్పుడు ఎదురుగా కూర్చున్న ఒక పెద్దామె చెంగు బిగించి నా ముందుకొచ్చి నిలబడింది.

"నీ చేతులు రెండూ నాకియ్యమ్మా. నువ్వు లేవొద్దు, పక్కకు తిరుగు. నేనూ ఒకసారి ఇట్లే ఇరుక్కున్యా, ఇదే కుర్చీలో," అంది.

తిరిగాను. బయటపడ్డాను. ఆమె నవ్వితే నేనూ నవ్వాను. నవ్వితే గడ్డ నొప్పి పెట్టింది. ఆమె పేరు కూడా అడగలేదు.

డాక్టరమ్మ కన్నడంలోనే మెల్లగా చెప్పింది. పొట్ట గోడలో సందు పడింది, అందులోంచి పేగు బయటికి తొంగి చూస్తోంది. దాన్ని ఆపరేషన్ చేసి మూయాలి. కానీ నేను నూట నాలుగు కిలోలున్నాను. ఇంత బరువు మీద కోస్తే కుట్లు నిలవవు, మత్తు ఇవ్వడం కూడా భయమే. పది కిలోలు తగ్గితే చేద్దామంది. ఈలోగా ఎప్పుడైనా ఆ గడ్డ లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి పుట్టి, వాంతులైతే మాత్రం ఏ పని ఉన్నా వదిలేసి వెంటనే రమ్మంది.

"వెంటనే రాకపోతే?" అని శిరీష అడిగింది.

డాక్టరమ్మ శిరీషకే జవాబు చెప్పింది, నాకు కాదు. ఇరుక్కున్న పేగు చచ్చిపోతుందని, మనిషికి కూడా ముప్పేనని. ఆ రోజు నుంచి దగ్గినా తుమ్మినా నా చెయ్యి ముందు పొట్ట మీదికి పోయేది. కోయాలంటే తగ్గాలి. తగ్గేదాకా ఆ గడ్డను చేత్తో పట్టుకుని బతకాలి. అంతకు మించి నాకు దారి లేదు.

మా ఆయన అక్క సుంకమ్మ హొసకోటెలో పూల అంగడి పెట్టుకుంది. సంగతి తెలిసి పరుగున వచ్చింది. మా వదిన నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. వచ్చీరాగానే పొయ్యి దగ్గర కూర్చుంది.

"కొవ్వు కరిగేది మందుతో కాదమ్మే, ఆకుతో. ఉలవలు ఉడికిచ్చి ఆ కట్టు తాగు. మెంతులు నానేసి పొద్దన్నే మింగు. కాకరకాయ రసం. కరివేపాకు పచ్చిదే నములు. అన్నీ మన ఇంట్లో ఉండేవే గదా, భయమేల?"

"ఇన్ని తాగితే కడుపులో బువ్వకు చోటు ఏడుంటాది వదినా?"

"అదే గదా కావాల్సింది," అంది.

ఇంకో మాట కూడా ఆమే చెప్పింది. శనివారం ఎట్లాగూ ఒక్కపొద్దు ఉంటావు కదా, సోమవారం, గురువారం కూడా ఉండమని. ఒక్కపొద్దు అంటే మా వైపు పగలంతా అన్నం ముట్టకుండా ఉండి, పొద్దుగూకినాక దీపం పెట్టి, ఒక్కపూట అన్నం తినడం. అన్నం, సంగటి మాత్రమే లెక్కలోకి వస్తాయి. బొరుగుల ఉగ్గాణి, రవ్వతో చేసే ఉప్పిట్టు, అరటిపండ్లు, వేయించిన శనక్కాయలు ఇవన్నీ పలారం. పలారం తింటే ఒక్కపొద్దు చెడదు. నా చిన్నప్పుడు మా అవ్వ అట్లానే చేసేది, ఆమె ఈతబెత్తంలా ఉండేది. కానీ ఆమె పొలంలో వంగి కలుపు తీసేది, నేను గ్యాసుపొయ్యి ముందు నిలబడతాను. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు.

శ్రావణం పోయింది, భాద్రపదం పోయింది. ఉలవకట్టు, మెంతులు, కాకర రసం, దాల్చినచెక్క నీళ్లు, వారానికి మూడు ఒక్కపొద్దులు. ఆసుపత్రికి పోతే తూకం ముల్లు నూట నాలుగు దగ్గరే నిలబడింది. ఒకసారి నూట అయిదు చూపించింది. మా ఆయన మాటలు తక్కువ మనిషి. ఆ రోజు మాత్రం చెప్పులు విడుస్తూనే అన్నాడు.

"నువ్వు యాడో తింటాండావు."

"ఏం తింటాండానప్పా? చూస్తానే ఉండావు గదా, వారంలో మూడు దినాలు పగలు ముద్ద ముట్టను."

"ముట్టకుంటే తగ్గాల గదా. గాలి తిని ఎవురూ లావు కారు."

ఆ మాట నాకు పొయ్యిలో చెయ్యి పెట్టినట్టయింది. శిరీష పక్కనే కూర్చుని ఫోను చూసుకుంటోంది. దాని తల మీద చెయ్యి పెట్టి, "నా బిడ్డ మీద ఒట్టు. ఒక్కపొద్దు దినాల్లో పగటిపూట నేను తిండి తినలా," అన్నాను. శిరీష కదల్లేదు. నేను అబద్ధం చెప్పలేదు. నాకు తెలిసినంతలో అది నిజమే.

దసరాకు ముందు ఒక రోజు అజ్జి ఇంట్లో ఉన్నాను. అజ్జి అంటే నేను వంట చేసే నాలుగు ఇళ్లల్లో ఒకటైన కన్నడ ముసలామె, ఒంటరిగా ఉంటుంది. కుక్కర్ దించబోతే గడ్డ బయటికి తన్నుకొచ్చి, రాయిలా అయింది. నొక్కితే పోలేదు. చెమటలు పట్టాయి. అజ్జి నన్ను వంటింటి గచ్చు మీదే పడుకోబెట్టి, మోకాళ్లు పైకి ముడిపించి, దుప్పటి మడిచి నడుము కింద పెట్టింది. ఆమె చెయ్యి నా నుదుటి మీద, నా చెయ్యి గడ్డ మీద. శిరీషకు ఫోను చేసింది. గిన్నెలో సాంబారు తుకతుక ఉడుకుతున్న చప్పుడు ఒక్కటే వినపడుతోంది. ఆ గచ్చు మీద పడుకుని నేను ఒక్కటే అనుకున్నాను, ఈ సాంబారులో ఉప్పు వేశానా లేదా అని. మనిషి మనసు అట్లాంటిది. కాసేపటికి గడ్డ దానంతట అదే జారి లోపలికి పోయింది. కానీ నేను లేవలేకపోయాను. శిరీష, లిఫ్టు దగ్గర వాచ్‌మన్ ఇద్దరూ వస్తే గానీ లేవలేదు.

ఆ సంగతి విని వదిన హడలిపోయింది. ఇక లాభం లేదని గోళీల డబ్బా తెచ్చింది. వాళ్ల పొదుపు సంఘంలో ఆడవాళ్లంతా మింగుతున్నారట. పుల్లటి కాయ తొక్కు, గ్రీన్ టీ ఆకు, ఇంకా ఏవో మూలికల సారం అని డబ్బా మీద ఆకు బొమ్మ వేసి ఉంది.

"అన్నీ చెట్టువే. రసాయనం సుక్క కూడా లేదు. నేనూ మింగుతాండా, నడుము తగ్గింది సూడు," అంది.

రోజుకు రెండు అని రాసి ఉంటే నేను నాలుగు మింగాను. ఆకు కదా, ఎక్కువైతే ఏమవుతుంది అనుకున్నాను. తోటకూర ఇంకో గరిటె వేసుకున్నట్టే కదా అనుకున్నాను. ఇది చదివేవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. నన్ను ముంచింది ఆ మాటే.

దీపావళికి నోరు చేదయింది. ఆ తర్వాత అన్నం వాసనకే వికారం. తగ్గుతున్నానని సంతోషపడ్డాను. శిరీష నన్ను కిటికీ దగ్గరికి లాక్కుపోయి కంటి రెప్ప కిందికి లాగి చూసింది.

"అమ్మా, నీ కళ్లు పసుపు పచ్చగా ఉండాయి."

ఈసారి ఆసుపత్రిలో నన్ను పదకొండు రోజులు పడుకోబెట్టారు. మంచానికి రెండు వైపులా ఇనుప కమ్మీలు. పక్కకు తిరగాలన్నా నర్సు వచ్చి కమ్మీ దించాలి. డాక్టరమ్మ నేను తాగేవి, మింగేవి అన్నీ తెమ్మంటే శిరీష సంచి నిండా తెచ్చింది. ఆవిడ వాటిని ఒక్కొక్కటే బల్ల మీద పేర్చింది. తొమ్మిది రకాలు. పచారి అంగడిలా ఉంది చూడటానికి. ఆవిడ కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు.

"లివరు దెబ్బతింది. ఏది చేసిందో వందకు వంద చెప్పలేను. ఈ గోళీల మీదే నా అనుమానం. అన్నీ ఆపెయ్యండి," అంది. లివరు కోలుకునేదాకా ఆపరేషన్ మాటే లేదంది.

ఆ పదకొండు రోజులూ నేను ఫ్యాను చూస్తూ పడుకున్నాను. గడ్డ అట్లే ఉంది. బరువు అట్లే ఉంది. తగ్గడానికి మింగిన మందు వల్ల ఆపరేషన్ ఇంకా దూరం పోయింది. ముందుకు పోదామంటే లివరు, ఆగుదామంటే గడ్డ. మా ఆయన హోటల్లో సంగటి ఉండలు కట్టించుకుని తింటున్నాడని, నాలుగు ఇళ్లవాళ్లూ వేరే మనిషిని చూసుకుంటున్నారని వినపడేది. వదిన ఒక్కసారి కూడా రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. నాకు ఆమె మీద కోపం ఉండేది కాదు, కానీ ఆమె ఇంకా ఆ గోళీలు మింగుతోందేమో అన్న భయం ఉండేది. శిరీషను హొసకోటెకు పంపాను. అది వెళ్లి డబ్బా చెత్తలో పారేయించి వచ్చింది.

"అత్త ఏడుస్తాంది మా. నీ ముఖం ఎట్లా సూసేదని."

"ముఖం పచ్చగా ఉండాది, అంతే. సూడొచ్చునని చెప్పు," అన్నాను.

ఇంటికి పంపించేముందు తిండి సంగతి చెప్పే మేడం దగ్గరికి పొమ్మన్నారు. చిన్నపిల్ల, చింతామణి వైపుది, మన తెలుగే మాట్లాడింది. ఆమె గదిలో చేతులు లేని బెంచీ ఉంది. అది చూసి నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి.

"ఉలవలు చెడ్డవా మేడం? మెంతులు చెడ్డవా?" అని అడిగాను. నాకు అదే పెద్ద బాధ. మా అవ్వ తిన్నవి కూడా విషమేనా అని.

"చెడ్డవి కాదమ్మా. మెంతుల్లో, ఉలవల్లో, కాకరలో, పసుపులో ఏవేవో పదార్థాలు ఉండాయి. అవి ఆకలిని, చక్కెరను కొంచెం అదుపులో పెడతాయేమోనని పెద్దపెద్ద డాక్టర్లే చూస్తా ఉండారు. రేపు వాటిలోంచి మంచి మందు రావొచ్చు. కానీ కూరలో ఉన్నంతసేపు అది కూర. బుట్టెడు ఆకు పిండి ఒక్క గోళీలో పెడితే అది మందు. మందుకు కొలత ఉంటాది, చెడు కూడా ఉంటాది. ఇంకోటి చెప్తా వినండి. రోజూ ఎంత తింటామో అది అట్లే పెట్టుకుని కషాయం తాగితే, కషాయం ఒక్కటే ఏం చేస్తాది పాపం?"

"నేను తినను మేడం. వారానికి మూడు దినాలు ఒక్కపొద్దు."

మా ఆయనలా ఆమె అనుమానంగా చూడలేదు. ఒక్కపొద్దు నాడు పొద్దున్నించి ఏం చేస్తారో చెప్పమంది. చెప్పాను. ఆమె రాయడం ఆపి నా వైపు చూసింది.

"మళ్లీ పనికి పోయేటప్పుడు ఒక పని చెయ్యండి. ఒక్కపొద్దు నాడే. మూత ఉన్న పెద్ద డబ్బా ఒకటి, సీసా ఒకటి పట్టుకుపోండి. నోట్లో ఏది వేసుకున్నా, సరిగ్గా అంతే ఇంకోటి డబ్బాలో వెయ్యండి. టీ తాగితే అంత టీ సీసాలో. ఎవరికీ చూపించొద్దు. మీరే సాయంత్రం మూత తీసి చూడండి."

కార్తీకం చివర, కళ్లల్లో పసుపు పోయి కాస్త కోలుకున్నాక, రెండు ఇళ్లకు మాత్రం పోవడం మొదలుపెట్టాను. అజ్జి ఇల్లు ఒకటి, ఉత్తరాది వాళ్లది ఒకటి. ఆ ఇంటామెకు విషయం చెప్పి, తిన్నంత డబ్బాలో వేసుకోవడానికి అనుమతి అడిగాను. శనివారం పొద్దున డబ్బా సంచిలో పెట్టుకున్నాను. పెట్టుకుంటూ, ఇందులో ఏం పడుతుందిలే, ఖాళీగానే తెస్తాను, అప్పుడు మా ఆయన ముఖం చూడాలి అనుకున్నాను.

ఇంట్లో బయల్దేరేముందు టీ, అంతే టీ సీసాలో. ఉగ్గాణి చిన్న గిన్నెడు, పలారం కదా, అంతే డబ్బాలో. ఉత్తరాది ఇంట్లో పరోటా మెత్తగా వచ్చిందో లేదో చూడటానికి ఒక ముక్క, నెయ్యి సరిపోయిందో లేదో ఇంకో ముక్క. చిన్నపాప సగం తిని వదిలేసిన పరోటా, పారేయడం పాపమని. ఆలూ కూర ఉప్పుకు ఒక గరిటె, కారానికి ఒక గరిటె. వాళ్లిచ్చిన టీ. అజ్జి ఇంట్లో ఉప్పిట్టు, అరటిపండ్లు రెండు, కొబ్బరి తురుముతూ చేతికొచ్చిన కొబ్బరి. దారిలో వేయించిన శనక్కాయలు. మధ్యాహ్నం నుంచే డబ్బా బరువెక్కింది. మూత మీద చెయ్యి పెట్టి నొక్కి మూశాను. శనక్కాయల పొట్లం అందులో పట్టలేదు, కొంగులో కట్టుకున్నాను.

సాయంత్రం ఇంటికొచ్చి దీపం పెట్టకముందే గచ్చు మీద కూర్చుని, పెద్ద పళ్లెం తెచ్చి డబ్బా బోర్లించాను. పక్కన సీసా. కొంగు విప్పి శనక్కాయలు పోశాను. మా ఆయన అప్పుడే పని నుంచి వచ్చాడు.

"ఎవురొస్తాండారు ఇంటికి? ఇంత తెచ్చినావు, ఇద్దరికి సరిపోతాది."

"ఎవురూ రారు. ఇది నేను పొద్దన్నించి తినంది," అన్నాను.

మేడం చెప్పిన డబ్బా లెక్క చెప్పాను. అర్థమయ్యాక, ఎత్తిపొడుస్తాడని తల వంచుకుని కూర్చున్నాను. ఆయన నా పక్కన చతికిలబడి పళ్లెంలో పరోటా ముక్కలు ఒక పక్కకు, ఉప్పిట్టు ఒక పక్కకు సర్దాడు, ఇసుకా కంకరా వేరు చేసినట్టు.

"నువ్వు అబద్ధం చెప్పలే. నేనూ తప్పు చెప్పలే," అన్నాడు మెల్లగా.

అప్పుడు నాకు ఒట్టు గుర్తొచ్చింది. బిడ్డ తల మీద వేసిన ఒట్టు. శిరీష పని నుంచి రాగానే దాన్ని పట్టుకుని ఏడ్చాను. అది సంగతంతా విని, పళ్లెం వైపు చూసి, నా కళ్లు తుడిచింది.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు మా, అయిపాయె. నా తల బాగానే ఉండాది, సూడు."

చిన్నప్పుడు ఆటల్లో అనుకునే మాట అది. పెట్టాను. నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను.

ఆ తర్వాత ఒక్కటే నియమం. నోట్లోకి పోయేది ఏదైనా ముందు పళ్లెంలో పడాలి, నేను కూర్చుని తినాలి. పలారమైనా సరే. వంటలో ఉప్పు చూడకుండా ఎట్లా అని భయపడితే అజ్జి నన్ను వంటింట్లోంచి బయటికి తోసేది. "ఉప్పు నేను చూస్తాను. నువ్వు బాల్కనీలో నిలబడు," అనేది కన్నడంలో. ఆమెకు బీపీ ఉంది, ఆమెకు ఉప్పు ఎప్పుడూ ఎక్కువగానే అనిపించేది. ఆ ఇంట్లో అందువల్ల ఇద్దరం బాగుపడ్డాం. ఉలవలు మానలేదు. కట్టు తీసి తాగకుండా గింజలు కూరలో వేసుకున్నాను. మెంతికూర పప్పు, కాకరకాయ పులుసు, సంగటి చిన్న ముద్ద. వాటివల్ల ఆకలి నెమ్మదించిందా, పళ్లెం వల్లనా అంటే నేను చెప్పలేను. మేడం కూడా చెప్పలేదు. నెలకు రెండు, మూడు కిలోలు. ఒక నెల ఏమీ లేదు. ఆ నెలలో మళ్లీ గోళీల వైపు మనసు పోయిందని చెప్పడానికి సిగ్గుపడను.

ఉగాది పోయి వైశాఖం వచ్చేసరికి ముల్లు తొంభై నాలుగు దగ్గర నిలిచింది. లివరు పరీక్షలు బాగున్నాయి. ఆపరేషన్ చేశారు. మత్తు దిగి కళ్లు తెరవగానే నా చెయ్యి ముందు పొట్ట మీదికే పోయింది. కట్టు కింద చదునుగా ఉంది. దగ్గు వచ్చినట్టయితే భయపడి ఆపుకున్నాను, తర్వాత మెల్లగా దగ్గాను. ఏదీ బయటికి రాలేదు.

ఇప్పటికీ నేను లావుగానే ఉన్నాను. మెట్ల మలుపు దగ్గర ఎదుటివాళ్లు ఇంకా ఆగుతారు, కాకపోతే ఒక పక్కకు ఒత్తిగిలితే దాటిపోగలరు.

కుట్లు విప్పిన వారం వదిన వచ్చింది. ఆరు నెలల తర్వాత. గుమ్మంలోనే నిలబడి చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. మల్లెపూలు తెచ్చింది. మొహం ఉబ్బి ఉంది, ఆయాసపడుతోంది. మా మెట్లు ఎక్కి వచ్చింది కదా.

"లోపలికి రా వదినా. ఏమన్నా తింటావా?"

"వద్దమ్మే. ఈ పొద్దు శనివారం గదా, ఒక్కపొద్దు. పొద్దన్నించి ఏమీ తినలా నేను," అంది. అంటూనే కొంగు ముడి విప్పి, అంగడి దగ్గర కొన్న బొరుగులు, శనక్కాయలు నా చేతిలో కొన్ని పోసి, తను కొన్ని నోట్లో వేసుకుంది.

నేను వాటిని కొంగులో పోసుకున్నాను. లోపలికి పోయి అటక మీద నుంచి ఆ డబ్బా దించి, తుడిచి, మూత తీసి ఆమె ముందు పెట్టాను. కొంగులోని బొరుగులు అందులో పోశాను.

"ఏంది ఇది?" అంది వదిన.

"ఇక్కడ కుచ్చో. దీపం పెట్టేదాకా నాతోనే ఉండు. నువ్వు తిననిదంతా ఇందులో వేస్తా ఉందాం," అన్నాను.